మూడుసార్లు లాగితే

నేను ముప్పై నాలుగేళ్లు మోటరు నడిపాను. ఆ ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వెనక సీట్లో కూర్చొని హైదరాబాదు దాకా పోలేకపోయాను. కూర్చుంటే జోగిపేట రాకముందే వాంతి. స్టీరింగు చేతిలో ఉంటే మాత్రం కడుపులో నీళ్లు కదలవు. కొలువులో ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మోటరు పడని డ్రైవరును ఎవరు పెట్టుకుంటారు?

మొన్న మా మనవరాలు హైదరాబాదు పోతూ ఒక మాత్ర మింగింది. బస్సులో కడుపు తిప్పకుండా ఉంటుందట. మీ కాలంలో ఏం చేసేవారని అడిగింది. వాంతి చేసుకునేవాళ్లమని చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది. నేను హాస్యానికి అనలేదు. దూరప్రయాణం ఎట్లా తట్టుకోవాలో తెలుసుకోగోరే ఈ కాలపు పిల్లల కోసం, నాకు తెలిసిన ఒక ప్రయాణం గురించి రాస్తున్నాను. ఉపయోగపడుతుందని మాట ఇవ్వలేను.

ఇది నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజుల సంగతి. మాది కంగ్టి పక్క ఊరు. నారాయణఖేడ్ దగ్గర ఒక దొరవారి గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, నాకు డ్రైవరు కొలువు దొరికింది. మోటరు నల్లటిది, పొడుగైనది, పైన గుడ్డ కప్పు. ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ ఎర్రటి మందపాటి పరదా. పక్కలకూ పరదాలే. దారిలో పెట్రోలు దొరకదు కాబట్టి వెనక సీటు కింద పెట్రోలు డబ్బాలు పెట్టుకొని పోయేవాళ్లం. అన్ని పరదాలూ దించి, ఆ డబ్బాలతో ఎండలో ఒక గంట నడిపితే లోపల గాలి ఎట్లా ఉంటుందో నేను వర్ణించను. ఆ గాలి ఇంటి ఆడవాళ్లకు. మగవాళ్లు ముందు కూర్చునేవారు.

గోషా నాకు కొత్త కాదు. మా అమ్మ బతుకంతా పరదా వెనకే గడిచింది. గడీలో పద్ధతి ఏమిటంటే, దొరవారి కోడలు చిన్న దొరసాని ముఖం డ్రైవరు కంట పడకూడదు, ఆమె గొంతు డ్రైవరు చెవిన పడకూడదు. అంతకుముందు ఒకసారి ఏదో పెళ్లికి పోతూ ఆమెకు పరదా వెనక స్పృహ తప్పిందట. కేకవేయడానికి లేదు కాబట్టి వేయలేదు. ఊరు చేరి తలుపు తీసేదాకా అప్పటి డ్రైవరుకు తెలియలేదు. అందువల్ల ఆయన కొలువు పోయింది, నాకు వచ్చింది.

ఆమెకు అప్పటికి రెండు కానుపులు గడీలోనే అయ్యాయి. ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోసారి కడుపుతో ఉండగా, ఖేడ్ వచ్చిన ఒక డాక్టరమ్మ పరీక్షించి చెప్పింది: ఏడో నెలలో పట్నం, అంటే హైదరాబాదు, తీసుకురావాలి, అక్కడే ఉంచాలి, కానుపు దవాఖానలోనే జరగాలి. ఇంట్లోనే అంటే ఈసారి బిడ్డతో పాటు తల్లి కూడా దక్కదని మొహం మీదే అన్నది. పట్నంలో దొరవారికి ఇల్లు ఉంది, దవాఖాన ఉంది, డాక్టరమ్మ ఉంది. నడుమ ఉన్నది మోటరు ఒక్కటే.

పెద్ద దొరసాని, అంటే చిన్న దొరసాని అత్తగారు, నన్ను పిలిపించింది. వయసు మళ్లింది కాబట్టి ఆమె మాతో ఎదురుగానే మాట్లాడేది.

"ఏం మియా, లోపల దానికి పానం బాగలేకుంటె నీకెట్ల ఎరుకైతది?"

"దారం కట్టుకుంట దొరసాని. ఒక కొస నా దండచేతికి, ఇంకో కొస పరదా లోపటికి. ఒకసారి లాగితె ఆపుత. రెండుసార్లు లాగితె నడుపుత."

ఆమె మూడు వేళ్లు చూపించింది.

"మూడుసార్లు లాగితె ఇంటికి తిప్పుకరా. పడకుంటె పట్నం లేదు, గిట్నం లేదు. ఇంట్లనే కానుపు. మంత్రసాని ఉండనే ఉన్నది."

మొదటి రెండూ నా ఆలోచన. మూడోది ఆమెది. ఈ తేడా గుర్తుంచుకోండి.

కార్తీకం చివర్లో, దారిలో దాటాల్సిన మంజీర నదిలో నీళ్లు తగ్గాక బయలుదేరాం. ఆమె భర్త చిన్న దొర రాలేదు. కానుపు ఆడవాళ్ల పని అని ఆయన అభిప్రాయం. తోడు వచ్చింది అత్తమ్మ. ఆమె ఆ ఇంటి ఆడబిడ్డ, పెద్ద దొరసానికి వదినె, చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. గడీలో దొర నుంచి పాలేరు దాకా అందరికీ ఆమె అత్తమ్మే. కుడిచేతిలో ఎప్పుడూ గుడ్డసంచి, అందులో తులసిమాల. సంచిలో చెయ్యి పెట్టి జపం చేస్తూనే వంటమనిషిని తిట్టగలదు, ధాన్యం కొలిపించగలదు.

వాంతులకు మందు తెలియని మనిషి ఖేడ్‌లో లేడని ఆ పొద్దు తెలిసింది. ఒకరు నిమ్మకాయలు తెచ్చారు, వాసన చూడమని. ఒకరు చింతపండు ఉండలు, ఒకరు ఉప్పులో నానిన అల్లం. పెద్ద దొరసాని బోరంచ నల్లపోచమ్మకు మొక్కి బొట్టు తెచ్చి మోటరుకు పెట్టింది, కోడలికి పెట్టింది, ఏమనుకుందో నాకూ పెట్టబోయి ఆగింది. వాటిలో ఏదీ పనిచేయదని నాకు తెలుసు. వెనక కూర్చొని, దారి కనపడక, కడుపు తిప్పిన మనిషికి తెలుస్తుంది అది. పరదా ఎత్తి దారి చూడనిస్తే సగం తగ్గుతుందని చెప్పాలనుకున్నాను. నీకెట్లా తెలుసంటే ఏం చెప్పాలి? చెప్పలేదు.

దారం బాగానే పనిచేసింది. ఊరు దాటగానే ఒకసారి లాగారు, ఆపాను. లోపల వాంతి చప్పుడు. చెట్లవైపు తిరిగి నిలబడ్డాను. రెండుసార్లు లాగారు, నడిపాను. ఇట్లా మూడు నాలుగుసార్లు. ఆ తరువాత చాలాసేపు దారం కదలలేదు. నిమ్మకాయ పనిచేసినట్టుంది, నాకు తెలిసిందంతా తప్పేమో అనుకున్నాను. మంజీర ఇంకా మైలు దూరం ఉందనగా నా దండ మీద మూడు గుంజులు పడ్డాయి. ఒకటి, రెండు, మూడు. తాపీగా, స్పష్టంగా.

బండి ఆపి, ఇంకేమైనా కదులుతుందేమోనని చూశాను. కదలలేదు. హుకుం హుకుమే. బండి తిప్పాను.

తిరుగుదారిలో ఒక పావుగంటకు మళ్లీ మూడు గుంజులు. తిప్పమంటే తిప్పాను కదా, ఇంకేమిటి? జల్దీ పొమ్మంటున్నారని అర్థం చేసుకొని వేగం పెంచాను. ఇంకో పావుగంటకు మళ్లీ మూడు. ఇంకా పెంచాను. ఆ గతుకుల బాట మీద అంత వేగంగా నేను అంతకుముందు నడపలేదు, ఆ తరువాతా నడపలేదు. లోపల ఆమె పరిస్థితి ఏమైందో దేవుడికి తెలియాలి.

గడీ ముందు ఆపాను. పరదా లోపల నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"గప్పుడే పట్నమొచ్చిందా? రాముడు సల్లగ జూసిండు."

ఆ మాటతో పాటే నా దండ మీద మళ్లీ మూడు గుంజులు. అత్తమ్మ పరదా తొలగించి తల బయటికి పెట్టింది. మాల సంచి ఇంకా కళ్లకు అద్దుకునే ఉంది. నా దారం కొస ఆమె మణికట్టుకు కట్టి ఉంది.

"ఇదేంది, మన గడీ లెక్కనే ఉన్నది" అన్నది.

జరిగింది ఇది. వాంతులతో నీరసించిన చిన్న దొరసాని దారం అత్తమ్మకు ఇచ్చింది. అత్తమ్మ, చేతులు ఖాళీ ఉండాలని, దాన్ని కుడి మణికట్టుకు కట్టుకొని జపంలో కూర్చుంది. నూట ఎనిమిది పూసలూ తిరిగాక మాలను మూడుసార్లు కళ్లకు అద్దుకోవడం ఆమె ఆచారం. అద్దుకుంది. పరదాల వెనక బండి ఎటు పోతున్నదో ఇద్దరికీ తెలియదు.

చిన్న దొరసాని దిగింది. ఆమె ముఖం నేను చూడలేదు, చూడకూడదు. తలవంచుకొని ఉన్న నాకు కాళ్లు మాత్రం కనిపించాయి. పొద్దున దాటిన గడప ముందు ఆ కాళ్లు చాలాసేపు నిలబడిపోయాయి.

లోపల విచారణ జరిగింది. నేను లాగలేదని కోడలు అన్నదట. సిగ్గుపడి అట్లా అంటున్నదని అందరూ అనుకున్నారు. నాకేం ఎరుక, నేను జపంల ఉంటి అని అత్తమ్మ అన్నది. నన్ను పిలిచారు.

"మూడుసార్లు లాగిన్రా, లేదా?" అని అడిగింది పెద్ద దొరసాని.

"లాగిన్రు దొరసాని."

అది నిజం. లాగింది ఎవరని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే అత్తమ్మ జపం మీద నేరం మోపినట్టవుతుంది, ఎవరు లాగారో కనుక్కోకుండా తిప్పిన నా తెలివీ బయటపడుతుంది. పాత డ్రైవరు కొలువు ఎందుకు పోయిందో నాకు గుర్తుంది. "చూసిన్రా, దానికి మోటరు పడదు, ఇగ ముచ్చట ఒడిసింది" అని పెద్ద దొరసాని లేచింది.

రెండు వారాలు నోరు మూసుకున్నాను. ఆ రెండు వారాలు బండిని తుడిచినంతగా ఎప్పుడూ తుడవలేదు. ఒకరోజు గడీ వెనక గది గోడలకు సున్నం వేస్తున్నారు. దేనికని అడిగితే కానుపు గది అన్నారు. వెనకటి రెండు కానుపులూ ఆ గదిలోనే. ఆ పూట ఇంటికి పోయాక అన్నం సహించలేదు. ఏమైందని మా అమ్మ అడిగితే అంతా చెప్పాను. మా అమ్మ ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేది. ఆమె అన్నది తెలుగులో చెబితే ఇంత: "ఆమె గొంతు బయటికి రావొద్దని పరదా పెట్టిన్రు. నీకెవరు పెట్టిన్రు పరదా?"

తెల్లారి పోయి పెద్ద దొరసాని ముందు నిలబడ్డాను.

"దొరసాని, ఆనాడు లాగింది చిన్న దొరసాని కాదు. అత్తమ్మ. లాగినట్టు అత్తమ్మకు గూడ ఎరుక లేదు. తప్పు నాది, అడగకుంట తిప్పిన."

అరుగు మీద కూర్చున్న అత్తమ్మ మాల ఆపింది.

"ఏంది మియా? రామనామం మీద నేరం మోపుతున్నవా?"

"మోపుత లేను అత్తమ్మా. ఒక్క మాల తిప్పున్రి, చూద్దాం."

జేబులో నుంచి దారం తీసి ఒక కొస నా దండకు కట్టుకున్నాను. ఇంకో కొస వంటమనిషి అత్తమ్మ చేతికి కట్టింది. నేను వాకిట్లో, అత్తమ్మ అరుగు మీద, నడుమ దారం. పనివాళ్లు పని వదిలేసి చూస్తున్నారు. అత్తమ్మ కోపంలో మామూలు కంటే వేగంగా జపం చేసింది. నూట ఎనిమిది పూసలు తిరగడం ఎంతసేపో నాకు ఆ రోజు తెలిసింది. దారం కదలలేదు. వంటమనిషి నవ్వింది. ఆ రోజు కోపంలో ఆమె ఆచారం మరిచిపోతే నా కొలువు అయిపోయినట్టే, లోపల ఉన్న మనిషి బతుకూ అయిపోయినట్టే.

అత్తమ్మ మాల ముగించింది. సంచి కళ్లకు అద్దుకుంది. ఒకటి. నా దండ లేచింది. రెండు. లేచింది. మూడోసారి సంచి కళ్ల దగ్గరే ఆగిపోయింది. అత్తమ్మ దారం వైపు చూసింది, నా చెయ్యి వైపు చూసింది, తరువాత మెల్లగా, తప్పదన్నట్టు, మూడోసారి అద్దుకుంది.

పెద్ద దొరసాని దారాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"మా వదినె జపం జేస్తె మోటరు కాశికి గూడ పోదన్నట్టు" అన్నది. "సరే. ఇంకొక్కసారి. గిప్పుడు తిరిగొస్తె మాత్రం ఇగ మోటరు మాట ఎత్తొద్దు."

లోపలి తలుపు వెనక గాజుల చప్పుడు అయింది. సంతోషమో ఏడుపో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది.

మార్గశిరంలో మళ్లీ బయలుదేరాం. ఈసారి దారం చిన్న దొరసాని చేతిలోనే. అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వాంతులు మాత్రం మానలేదు. మంజీర చేరేసరికి ఎన్నిసార్లు ఆపానో లెక్క తప్పింది. ఆమె ఒక్కసారి కూడా మూడు గుంజులు గుంజలేదు.

అప్పట్లో ఆ రేవులో వంతెన లేదు. నీళ్లు తగ్గిన కాలంలో ఇంజన్ ఆపి, ముందు ఎడ్లు కట్టి, బండిని ఇసుకలో అవతలికి లాగించేవారు. రేవు దగ్గర ఒక ముసలి రైతు ఎడ్లతో ఉండేవాడు. బరువు తగ్గాలని అత్తమ్మ దిగి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని నడిచింది. ఎనిమిదో నెల పడిన మనిషిని ఆ నీళ్లలో నడవమనలేం. ఏటి నడుమ వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. రైతు ఎడ్లను వదలడానికి లేదు. వెనక నుంచి నెట్టాలి. నెట్టేవాణ్ని నేనొక్కణ్నే. మరి స్టీరింగు? ఎవరూ పట్టుకోకపోతే ముందు చక్రాలు పక్కకు తిరిగి బండి మడుగులోకి పోతుంది.

మోకాలిలోతు నీళ్లలో నిలబడి అత్తమ్మను పిలిచాను.

"అత్తమ్మా, మీరెక్కితె బరువైతది. చిన్న దొరసాని ముందలికొచ్చి చక్రం పట్టుకుంటె తప్ప బండి కదలది."

అత్తమ్మ నది వైపు తిరిగి సంచిలో చెయ్యి పెట్టింది. రైతు ఎడ్ల కొమ్ముల మధ్య నుంచి అవతలి గట్టునే చూస్తున్నాడు. పరదా తొలగింది. కొంగు ముఖం మీదికి లాక్కొని చిన్న దొరసాని నా సీట్లోకి వచ్చి కూర్చుంది. స్టీరింగు పట్టుకుంది.

"ఎటు తిప్పాలె?"

ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. నేననుకున్నదాని కంటే గట్టి గొంతు.

"ఎటు తిప్పొద్దమ్మా. పక్కకు పోకుంట గట్టిగ పట్టుకుంటె సాలు."

భుజం ఆనించి నెట్టాను. రైతు ఎడ్లను అదిలించాడు. బండి కదిలింది. గట్టెక్కేదాకా చక్రం గీత గీసినట్టు పోయింది. కొత్తవాళ్లు అంత స్థిరంగా పట్టుకోవడం నేను మళ్లీ చూడలేదు. తడిసి ముద్దయి ముందుకు వచ్చేసరికి ఆమె పక్క సీట్లోకి జరిగి కూర్చుంది. వెనక్కి పోలేదు. కొంగు కొద్దిగా జరిగింది, దారి వైపు చూస్తున్నది. నేను తలుపు పట్టుకొని నిలబడిపోయాను. ఇది బయటపడితే నా తోలు వలిచి గడీ తలుపుకు కొడతారు.

అత్తమ్మ వచ్చింది. చూసింది. వాకిట్లో ఆ పరీక్ష జరిగాక మొదటిసారి నాతో మాట్లాడింది.

"మియా, నేను జపంల కూసుంటున్న. సంగారెడ్డి దాక కండ్లు తెరువ."

వెనక ఎక్కి పరదా తనే దించుకుంది.

అక్కడి నుంచి సంగారెడ్డి దాకా ఒక్క వాంతి లేదు. దారం నా దండకు ఊరికే వేలాడుతున్నది. ఆమె రెండు మాటలు అడిగింది. ఈ మీట ఎందుకని ఒకటి. ఈ బాట హైదరాబాదు దాటి ఎక్కడిదాకా పోతుందని ఒకటి. మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోది నాకూ తెలియదన్నాను. సంగారెడ్డి పొలిమేరలో ఆపితే దిగి వెనక్కి పోయింది.

ఖేడ్ తిరిగి రాగానే పెద్ద దొరసాని పిలిచింది.

"తొవ్వల పరదా గిట్ల తీసిన్రా?"

"లేదు దొరసాని. పరదా యాడిదాడనే ఉండె."

ఇదీ నిజమే. ఆ ఇంట్లో నిజం చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది.

మాఘంలో కబురు వచ్చింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. వెనక గదికి తాళం వేశారు. ఆ తాళం చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుండేది. వైశాఖంలో, బిడ్డకు మూడో నెల వచ్చాక, వాళ్లను తీసుకురావడానికి పోయాను. ఈసారి చిన్న దొర కూడా వచ్చాడు. నా పక్కన ముందు సీట్లో ఆయనే. వెనక పరదాలన్నీ దించి, లోపల చిన్న దొరసాని, అత్తమ్మ, బిడ్డ. నా దండకు దారం. సంగారెడ్డి దాటాం, జోగిపేట దాటాం. ఆమె రెండుసార్లు ఆపించింది, వాంతికి. ఆ తరువాత దారం కదలలేదు.

మంజీర గట్టు దిగబోతుండగా మూడు గుంజులు పడ్డాయి. ఒకటి. రెండు. మూడు.

అవతలి గట్టు ఎక్కితే ఖేడ్ బాట. మూడుసార్లు లాగితే బండి తిప్పాలి. ఇప్పుడు తిప్పితే పోయేది పట్నం వైపు. బండి ఆపాను.

"ఏమైందిరా?" అన్నాడు చిన్న దొర.

"ఇంజన్ గరమైంది దొరా. జరసేపు ఆగాలె."

ఆయన విసుక్కుంటూ దిగి, తుమ్మచెట్టు నీడకు పోయి సిగరెట్టు ముట్టించాడు. నేను బానెట్ ఎత్తాను. ఇంజన్ మామూలుగానే ఉంది. బహుశా మళ్లీ జపమే అయి ఉంటుంది అనుకున్నాను. అట్లా అయితే బాగుండునని అనుకున్నాను. పక్క పరదా కొద్దిగా కదిలింది, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా అత్తమ్మ అన్నది.

"మియా, నా చేతుల పిల్ల ఉన్నది. నేను జపం జేస్తలేను."

తప్పు గుంజుకు ఒకసారి బండి తిప్పినవాణ్ని. నిజం గుంజు పడ్డప్పుడు చెట్టు కింద దొర సిగరెట్టు తాగుతున్నాడు. నది దాకా పోయి డబ్బాతో నీళ్లు తెచ్చి, వేడెక్కని ఇంజన్‌లో మెల్లగా పోశాను. మళ్లీ పోయి మళ్లీ తెచ్చాను. అట్లా ఒక గంట ఆపగలిగాను. నా వల్ల అయింది అంతే. ఆ గంటలో లోపల నుంచి బిడ్డ గొంతు తప్ప ఏదీ వినపడలేదు.

చిన్న దొర వచ్చి కూర్చున్నాడు. నేను స్టీరింగు పట్టుకొని, దారం చూస్తూ, కదలకుండా కూర్చున్నాను.

"ఇంకెంతసేపురా?" అన్నాడు.

అప్పుడు నా దండ మీద గుంజు పడింది. కొంచెం ఆగి, ఇంకొకటి. మూడోదాని కోసం చూశాను. రాలేదు.

రెండుసార్లు లాగితే నడపాలని ఒప్పందం. నడిపాను.